గుంపే యొకోయి: వాడిన విద్యకు చిగురు తొడిగినవాడు

రాజులకు, యోధులకు, కవులకు జీవితచరిత్రలు వ్రాయడం లోకంలో పరిపాటి. ఆటవస్తువులు చేసి బ్రతికినవానికి జీవితచరిత్ర ఎందుకని కొందరికి తోచవచ్చును. జపానులోని క్యోటో నగరంలో ఒక ఆటవస్తువుల సంస్థలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసిన గుంపే యొకోయి విషయంలో ఆ సందేహానికి తావులేదు. ఆయన చేతిమీదుగా వచ్చిన గేమ్ బాయ్ అనే అరచేతి ఆటయంత్రం, దాని తర్వాతి రంగుల రూపంతో కలిపి, 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయినది. ఆయన గతించి పాతికేళ్లు దాటినవి. ఆ యంత్రాల తయారీ ఆగిపోయి కూడ ఇరవై ఏళ్లు గడిచినవి. ఐనను, లినక్స్‌తో నడిచే సామాన్యమైన కంప్యూటరు ఇంట ఉన్నవారెవరైనా పావుగంట శ్రద్ధ పెట్టితే ఆ యంత్రాన్ని తమ తెరమీద మళ్లీ బ్రతికించుకొనవచ్చును. ఒక యంత్రం ఇంత సులభంగా మరొక యంత్రంలో ప్రవేశించగలగడానికి మూలం యొకోయి స్వభావంలోనే ఉన్నదని నా అభిప్రాయం. అందుచేత ఆ రెండు కథలను ఇక్కడ కలిపి చెప్పుతున్నాను.

యొకోయి 1941 సెప్టెంబరు 10న జన్మించినాడు. క్యోటోలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్సు చదివి పట్టభద్రుడైనాడు. చదువులో పెద్ద పేరు తెచ్చుకొన్నవాడు కాడు. గొప్ప గొప్ప విద్యుత్పరికరాల కంపెనీలకు దరఖాస్తులు పెట్టుకొన్నాడు గాని ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. చివరకు 1965లో, ఊళ్లోనే ఉన్న నింటెండోలో చేరినాడు. ఆనాటి నింటెండో ఈనాడు ప్రపంచమెరిగిన నింటెండో కాదు. 1889లో స్థాపితమై, హనాఫుదా అనే పూలబొమ్మల పేకముక్కలు చేసి అమ్ముకొంటున్న పాత సంస్థ. ముక్కలు తయారుచేసే యంత్రాలు చెడిపోకుండ చూచుకొనడం యొకోయి ఉద్యోగం. విద్యుచ్ఛాస్త్రం చదివినవాడు పేకముక్కల కార్ఖానాలో మరమ్మత్తులకు కుదురుకొనడం ఇంట్లోవారికి ఎట్లు తోచినదో గాని, ఆయనకు మాత్రం అదొక వరమైనది. పని తక్కువ, తీరిక ఎక్కువ.

ఆ తీరికలో కార్ఖానాలోని పనిముట్లతో తన వినోదం కోసం ఒక వస్తువు చేసుకొన్నాడు. చిన్న చిన్న పట్టీలను కత్తెరవలె ఒకదానికొకటి అడ్డంగా బిగించి, పిడి నొక్కగానే ముందుకు సాగి, దూరాన ఉన్న వస్తువును పట్టుకొనే కృత్రిమ హస్తం అది. సంస్థ అధిపతి హిరోషీ యమౌచి దానిని చూచినాడు. పని మాని ఆడుకొంటున్న ఉద్యోగి కంటబడితే యజమానులు ఏమి చేస్తారో మనకు తెలియనిది కాదు. యొకోయి కూడ చీవాట్లకే సిద్ధపడినాడు. యమౌచి మాత్రం ఆ వస్తువును అమ్మకానికి తగినట్లు తయారుచేయమని పురమాయించినాడు. 1966లో అల్ట్రా హ్యాండ్ అనే పేరుతో అది అంగళ్లకు వచ్చి పది లక్షలకు మించి అమ్ముడుపోయినది. మరమ్మత్తుల ఉద్యోగి నాటినుండి ఆటవస్తువుల రూపకర్త అయినాడు.

తర్వాత వచ్చిన వస్తువులలో 1969 నాటి లవ్ టెస్టర్ ఒకటి. ఇద్దరు చేతులు కలిపి, మిగిలిన చేతులతో చెరొక లోహపు గుండును పట్టుకొంటే, వారి శరీరాలగుండా పారే కొద్దిపాటి విద్యుత్తును కొలిచి, ముల్లు వారి ప్రేమ ఎంతటిదో చూపుతుంది. లోపల ఉన్నది విద్యార్థులు ప్రయోగశాలలో నిత్యం చూచే విద్యుత్తు మీటరే. ఆడపిల్లల చేయి పట్టుకొనడానికి ఒక నెపం కల్పించుటే అందులోని అసలు ఉద్దేశమని యొకోయి తరువాతి కాలంలో దాపరికం లేకుండ ఒప్పుకొన్నాడు. 1970లో వచ్చిన కాంతి తుపాకి కూడ ఇట్టిదే. వెలుతురు పడితే విద్యుత్తు పుట్టించే ఘటం అప్పటికే శాస్త్రలోకంలో పాతది. దానిని గురిబొమ్మలో అమర్చి, తుపాకినుండి వెలుతురు వెలువడేట్లు చేసినాడు. గుండు లేని తుపాకికి గురి తగిలినట్లైనది.

ఈ వస్తువులన్నిటిలో ఒకే పద్ధతి కనబడుతున్నది. యొకోయి దానికి జపానీ భాషలో ఒక పేరు కూడ పెట్టుకొన్నాడు. వాడిపోయిన విద్యను పక్కదారిన ఆలోచించుట అని దాని భావం. కొత్తగా పుట్టిన విద్య ఖరీదైనది, దాని లోపాలు ఇంకా ఎవరికీ తెలియవు. లోకమంతా వాడి వదలిన విద్య చవకైనది, దాని గుణదోషాలు పనివారందరికీ కరతలామలకం. అట్టిదానిని తీసుకొని, అది ఎవరూ ఊహించని పనికి పనికివస్తుందా అని చూడవలెను. మన ఇండ్లలో పాతచీర బొంతగా, బొంత చివరకు మసిగుడ్డగా మారుతుంది గదా, అది పొదుపు. యొకోయిది పొదుపుకు ఒక మెట్టు పైన ఉన్న విద్య. ఆయన పాతచీరతో గాలిపటం చేసినాడు.

ఈ పద్ధతికి పరమ నిదర్శనం 1980లో వచ్చిన గేమ్ అండ్ వాచ్. అంతకు ముందటి సంవత్సరాలలో షార్ప్, కాసియో కంపెనీలు చేతి గణనయంత్రాల వర్తకంలో హోరాహోరీ పోరాడినవి. ఆ పోరాటంలో ద్రవస్ఫటికపు తెరలు, చిన్న చిప్పులు ధర పడిపోయి చవకబారినవి. ఒకనాడు షింకాన్సెన్ రైలులో ప్రయాణం చేస్తుండగా, ఏమీ తోచని ఒక ఉద్యోగి తన గణనయంత్రం మీటలు ఊరకే నొక్కుతూ కాలం వెళ్లబుచ్చడం యొకోయి కంటబడినది. పెద్దవాడు నలుగురిలో బొమ్మ తీసి ఆడుకొనడానికి సిగ్గుపడుతాడు. చేతిలో ఇమిడిపోయి, గడియారంవలె కనబడే ఆట ఐతే ఆ సిగ్గు ఉండదు. ఇది ఆయనకు తట్టిన ఊహ. కొద్దికాలానికి, యమౌచి కారు నడిపేవానికి జబ్బు చేయగా ఆ పని యొకోయి మీద పడినది. దారిలో మాటలు లేని మౌనాన్ని భరించలేక ఈ ఊహను బయటపెట్టినాడు. యమౌచి ఏమీ అనలేదు. ఐతే ఆయన ఆనాడు పోయిన సభలో ప్రక్కన కూర్చున్నది షార్ప్ కంపెనీ అధ్యక్షుడు. కొద్దిరోజులలోనే షార్ప్ ప్రతినిధులు నింటెండో గుమ్మంలో ఉన్నారు. కారు డ్రైవరు ఆనాడు ఆరోగ్యంగా ఉండి ఉంటే ఈ చరిత్ర ఎట్లు నడిచేదో!

గేమ్ అండ్ వాచ్ ఆటలు దాదాపు 60 రకాలు వచ్చినవి. మొత్తం 4 కోట్ల 34 లక్షలు అమ్ముడుపోయినవి. ఒక్కొక్క యంత్రంలో ఒక్కొక్క ఆట మాత్రమే ఉండేది. 1982లో డాంకీ కాంగ్ అనే ఆటను ఈ రూపంలోకి తెచ్చినప్పుడు ఒక చిక్కు వచ్చినది. నాలుగు దిక్కులకు కదిలే ఆట అది. జేబులో పట్టే యంత్రానికి పొడవాటి కర్రమీట పొసగదు. యొకోయి నాలుగు మీటలను కలిపి కూడిక గుర్తువంటి ఒకే మీటగా చేసినాడు. బొటనవ్రేలు దానిమీద ఉంచితే, కళ్లతో చూడకుండనే ఏ దిక్కు నొక్కుతున్నదీ వ్రేలికి తెలుస్తుంది. నాటినుండి నేటివరకు ఆటయంత్రాలు చేసిన కంపెనీలలో ఆ మీటకు ఋణపడనిది అరుదు. ఇదే కాలంలో షిగేరు మియమోతో అనే యువకునికి పని నేర్పి పెద్దవానిని చేసిన గురువులలో యొకోయి ఒకడు. 1986లో వచ్చిన మెట్రాయిడ్ వంటి ఆటలకు నిర్మాతగా కూడ వ్యవహరించినాడు. ఐతే ఆయన మనస్సు తెరమీది బొమ్మలకంటె చేతిలోని వస్తువుమీదనే ఎక్కువ ఉండెనని నాకనిపిస్తుంది.

గేమ్ బాయ్ విషయానికి వస్తే, కీర్తి అంతా ఒక్కని ఖాతాలో వేయడం న్యాయం కాదు. యొకోయి మొదట తలచినది గేమ్ అండ్ వాచ్‌కు కొంచెం మెరుగైన చవక వస్తువును. ఆటలు మార్చుకొనడానికి వీలుండే, చాలాకాలం నిలిచే గట్టి యంత్రం కావలెనని ఆయన సహచరుడు సతోరు ఒకాడా పట్టుబట్టినాడు. వాదోపవాదాల మీదట యొకోయి అంగీకరించినాడు. తన క్రింద పనిచేసేవాని మాట నెగ్గనిచ్చిన పెద్దలు ఏ కార్యాలయంలోనైనా ఎందరుంటారు? రంగుల తెర మాత్రం వద్దనే మాటమీద యొకోయి నిలబడినాడు. రంగుల తెరకు వెనుకనుండి దీపం కావలెను. దీపానికి బ్యాటరీలు కావలెను. బ్యాటరీలకు పిల్లల దగ్గర డబ్బు ఉండదు.

అంతా సిద్ధమైన తరుణంలో ప్రమాదం వచ్చిపడినది. నమూనాను చేతిలోకి తీసుకొన్న యమౌచికి తెరమీద బొమ్మ కనబడలేదు. సరిగ్గా ఎదుటనుండి చూస్తే తప్ప ఆనవాలు దొరకని రకం తెర అది. కనబడని ఆటను ఎవడు కొంటాడని ఆయన పని ఆపివేయించినాడు. ఆ తెరలకోసం షార్ప్ అప్పటికే పెట్టుబడి పెట్టియున్నది. ఆ రోజులలో యొకోయికి అన్నం సహించలేదు. చివరకు ఏటవాలుగా చూచినా కనబడే మరొక రకం ద్రవస్ఫటికపు తెర అమరడంతో గండం గడిచినది. 1989 ఏప్రిల్ 21న గేమ్ బాయ్ జపానులో విడుదలైనది. ధర 12,500 యెన్లు. తెరలో అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగు లేదు, ఆకుపచ్చ ఛాయలు నాలుగు. జ్ఞాపకశక్తి 8 కిలోబైట్లు, బొమ్మలకు మరొక 8. నాలుగు చిన్న బ్యాటరీలతో సుమారు 15 గంటలు నడిచేది.

అదే సంవత్సరంలో అటారీ లింక్స్, మరుసటి సంవత్సరంలో సేగా గేమ్ గియర్ రంగుల తెరలతో బరిలోకి దిగినవి. చూపునకు గేమ్ బాయ్ వాటి సరసన దిష్టిబొమ్మ. ఐతే అవి ఆరేసి బ్యాటరీలు మ్రింగి నాలుగైదు గంటలలో కన్నుమూసేవి. ప్రయాణంలో ఉన్న పిల్లవానికి రంగు ముఖ్యమా, ఊరు చేరేదాకా ఆట సాగడం ముఖ్యమా అన్న ప్రశ్నకు అంగడి స్పష్టంగానే సమాధానం చెప్పినది. మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ 1984లో కల్పించిన టెట్రిస్‌ను అమెరికాలో యంత్రంతోపాటే ఇచ్చినారు. 1990ల తరువాత మన ఊళ్ల ఎగ్జిబిషన్లలో, బస్టాండు అంగళ్లలో అమ్మిన బ్రిక్ గేమ్ చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. అందులో పైనుండి జారిపడే ఇటుకల ఆట ఈ టెట్రిస్‌కు నకలే.

ఇక ఆ యంత్రం కంప్యూటరులో ప్రవేశించే తీరు చూతము. శంకరులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ మనవారికి కొత్త కాదు. దేహం రాజుది, లోపలి ప్రాణం యతిది. ఎమ్యులేటరు అనే కార్యక్రమం చేసేది ఇట్టి పరకాయ ప్రవేశమే. గేమ్ బాయ్‌లోని చిప్పు సెకనుకు సుమారు 41 లక్షల 94 వేల స్పందనలతో నడిచేది. ఆ చిప్పు ఏ ఆజ్ఞకు ఏమి చేసేదో ఎమ్యులేటరుకు తెలుసును. ఆటలోని ఆజ్ఞలను ఒక్కొక్కటిగా చదివి, ఆ చిప్పు లోపలి గడులలో ఏ అంకె మారవలెనో తన జ్ఞాపకంలో ఆ అంకెను మార్చుతుంది. ప్రతి 70,224 స్పందనలకు ఒక బొమ్మ చొప్పున, సెకనుకు దాదాపు 60 బొమ్మలు తెరకు అందిస్తుంది. చిప్పు నెమ్మదిది, జ్ఞాపకం ఇసుమంత, తెర చిన్నది. అందువలన పాతబడిన లినక్స్ కంప్యూటరుకు కూడ ఇది భారం కాదు. టెట్రిస్ ఆట మొత్తం 32 కిలోబైట్లు. యొకోయి పాత విద్యను ఎంచుకొన్నది ధర తగ్గించడానికి. తన యంత్రం ఇట్లు పునర్జన్మ ఎత్తడానికి అదే దోహదమవుతుందని ఆయన తలచియుండడు.

ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ పంపిణీలలో ఎంజీబీఏ అనే ఎమ్యులేటరు వాటి భాండారంలోనే దొరుకుతుంది. ఎంజీబీఏ-క్యూటీ అనే పేరున్న దానిని స్థాపించుకొంటే మెనూలు, కిటికీలు కల రూపం వస్తుంది. భాండారంలో లేని పంపిణీలవారు ఫ్లాట్‌హబ్ నుండి తెచ్చుకొనవచ్చును. అసలు యంత్రంలో, మీట వేయగానే నింటెండో ముద్రను పరీక్షించే 256 బైట్ల చిన్న కార్యక్రమం ఒకటి ఉండేది. దానికోసం వెదకవలసిన అగత్యం లేదు. ఆ పని ఎంజీబీఏ తానే చూచుకొంటుంది. బాణపు మీటలు యొకోయి కూడిక గుర్తుకు బదులుగా పనిచేస్తవి. ఎక్స్, జెడ్ అక్షరాలు రెండు గుండ్రని మీటలకు. ఎంటర్ ఆట మొదలుపెట్టడానికి. ఎవరికి అనువైనట్లు వారు వీటిని మార్చుకొనవచ్చును. చిత్రాన్ని పూర్ణాంక గుణిజాలలోనే పెంచమనే ఏర్పాటు ఒకటి అందులో ఉన్నది. దానిని ఎంచుకొనుట మంచిది. అప్పుడు ప్రతి చుక్క సరిసమానమైన చదరంగా నిలుస్తుంది. నాలుగు ఛాయల రంగులను కూడ మార్చవచ్చును. నలుపు తెలుపుల శుభ్రతకంటె ఆ పాత పాచిపట్టిన ఆకుపచ్చయే నాకు ఇష్టం.

ఆటల సంగతి వేరు. ఎమ్యులేటరు స్వేచ్ఛగా పంచబడే వస్తువు. ఆటలకు మాత్రం యజమానులున్నారు, వారి హక్కులు ఇంకా చెల్లుతున్నవి. ఎక్కడో దొరికినవి దింపుకొనడం దొంగసొత్తు కొనడంవంటిదే. తమవద్ద పాత కార్ట్రిడ్జిలు ఉన్నవారు వాటిని చదివే చిన్న పరికరాన్ని యూఎస్‌బీ ద్వారా కంప్యూటరుకు తగిలించి, నకలు తీసిపెట్టుకొంటున్నారు. ఏమీ లేనివారికి, ఈనాటి అభిమానులు ఆ పాత యంత్రం కోసమే కొత్తగా వ్రాసి ఉచితంగా ఇస్తున్న ఆటలు ఉన్నవి. నకలు తీయడంలో తొందరపడవలసిన కారణం కూడ ఒకటున్నది. 1996లో వచ్చిన పోకేమాన్ వంటి ఆటల కార్ట్రిడ్జిలలో, ఆడినంతవరకు గుర్తుంచుకొనడానికి ఒక బిళ్ల బ్యాటరీ అమర్చినారు. అది ఎండిపోయిననాడు, ఆ పిల్లవాడు నెలల తరబడి పేర్చుకొన్నదంతా మాసిపోతుంది. ఎన్నో ఇండ్లలో అప్పుడే మాసిపోయినది. ఎమ్యులేటరులో ఆ గుర్తు ఆట ప్రక్కనే ఒక చిన్న ఫైలుగా నిలుస్తుంది. ఆటలను తమ సొంత హోమ్ ఫోల్డరులో, వ్రాయడానికి అనుమతి ఉన్నచోట ఉంచుకొనవలెనన్నది మరువరాదు; లేనిచో ఆ ఫైలు నిలువదు.

ఇంత చేసినా, మీటల పలకమీద ఆడే ఆట అరచేతిలో ఆడిన ఆట కాదు. తెరమీదికి వచ్చినది ఆ చిప్పు చేసిన పని. బొటనవ్రేలికి గుర్తు తెలిసే ఆ కూడిక మీట రాదు, జేబులోని బరువు రాదు. యూఎస్‌బీ ద్వారా తగిలించే ఆటపిడిని కొనుక్కొంటే కొంత వస్తుంది.

యొకోయి కథలో దుఃఖభాగం 1995లో మొదలైనది. ఆ సంవత్సరం జూలైలో ఆయన రూపొందించిన వర్చువల్ బాయ్ విడుదలైనది. రెండు కళ్లకు రెండు చిత్రాలు వేర్వేరుగా చూపి, బొమ్మకు లోతు ఉన్నట్లు భ్రమింపజేసే యంత్రం. ఒక వరుస ఎర్రదీపాలు, వాటి ఎదుట వేగంగా ఊగే అద్దం, ఇది దాని మర్మం. ఎరుపే ఎందుకంటే ఆ రోజులలో ఎర్రదీపాలు చవక, విద్యుత్తు తక్కువ త్రాగుతవి. పద్ధతి పాతదే. ఫలితం మాత్రం తారుమారైనది. బల్లమీద కాళ్లు పాతుకొని నిలబడే ఆ యంత్రంలోకి మెడ వంచి చూడవలెను. తలనొప్పి వస్తున్నదని చాలామంది మొరపెట్టుకొన్నారు. పైగా ఆడేవానికి తప్ప ప్రక్కవానికి ఏమీ కనబడదు. అంగడిలో చూచి ముచ్చటపడే వీలు లేదు. మొత్తం 22 ఆటలు మాత్రమే వచ్చినవి. దాదాపు 7 లక్షల 70 వేల యంత్రాలు పోయిన తరువాత సంవత్సరం తిరుగకుండనే కథ ముగిసినది. రైలులో ఒక ఉద్యోగి వ్రేళ్ల కదలికను చూచి యంత్రం చేసినవాడు, ఈసారి మనిషి మెడను చూడలేదని నేననుకొంటాను.

1996లో, రెండు సన్నని బ్యాటరీలతో నడిచే గేమ్ బాయ్ పాకెట్ వెలువడిన కొద్దికాలానికి, ఆగస్టు 15న, యొకోయి నింటెండోను వదలినాడు. వర్చువల్ బాయ్ పరాజయమే ఆయనను వెళ్లగొట్టినదని లోకం అనుకొన్నది, ఇప్పటికీ అనుకొంటున్నది. ఆ మాటను ఆయన స్వయంగా ఖండించినాడు. ఏబదియేళ్ల వయస్సు దాటిన తర్వాత స్వతంత్రంగా బ్రతకవలెనని ముందునుండి తలచినట్లు వ్రాసినాడు. ముప్ఫై ఏళ్ల సేవ ఒకవైపు, ఒక్క సంవత్సరపు నష్టం ఒకవైపు ఉంచి, రెండవదానినే తూచేవారికి ఆయన ఇచ్చిన జవాబు అంతే. క్యోటోలోనే కోతో అనే చిన్న సంస్థను స్థాపించి, బందాయి కంపెనీకోసం కొత్త అరచేతి యంత్రం తలపెట్టినాడు.

1997 అక్టోబరు 4న, ఇషికావా ప్రాంతంలో హొకురికు రహదారిమీద ఆయన ప్రయాణిస్తున్న కారు ముందున్న లారీకి తగిలినది. దెబ్బ పెద్దది కాదు. ఏమైనదో చూడడానికి క్రిందికి దిగినాడు. వెనుకనుండి వచ్చిన మరొక కారు ఆయనను ఢీకొన్నది. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు.

తలపెట్టిన యంత్రం 1999 మార్చిలో వండర్‌స్వాన్ అనే పేరుతో వచ్చినది. ధర 4,800 యెన్లు. తెర రంగులు లేనిదే. అడ్డంగానైనా నిలువుగానైనా పట్టుకొని ఆడవచ్చును. ఒకే ఒక్క బ్యాటరీతో ముప్ఫై గంటలు నడిచేది. దానితో వచ్చిన ఆటలలో ఒకదానికి, గీతలను కలుపుతూ పోయే ఆటకు, ఆయన పేరుమీదుగా గన్‌పే అని పేరు పెట్టినారు. ఆ వండర్‌స్వాన్‌ను, ఓడిపోయిన వర్చువల్ బాయ్‌ను కూడ లినక్స్‌లో మెడ్నాఫెన్ అనే మరొక ఎమ్యులేటరు నడుపుతుంది. వర్చువల్ బాయ్ ఆటలను ఎరుపు నీలం అద్దాల కళ్లజోడు పెట్టుకొని చూస్తే ఆయన కోరిన లోతు కొంత కనబడుతుంది. మెడ వంచవలసిన పని లేదు.